అడగకుండా కట్టిన ఇళ్లు

జనాన్ని అడుగుతూ కూర్చుంటే పని సాగదన్న మాట మన నగరాల పాలనలో వేదవాక్యంలా చలామణి అవుతోంది. సచివాలయంలో అధికారి ఇదే అంటాడు. ఎన్నికల సభలో నాయకుడు ఇదే అంటాడు. కాలనీ సంఘం మీటింగులో రిటైరైన ఇంజనీరూ ఇదే అంటాడు. పేదవాడికి ఇల్లు కావాలి, కట్టించి తాళాలు చేతిలో పెడితే దండం పెట్టి తీసుకుంటాడు, ఎక్కడ కట్టాలో ఎలా కట్టాలో తెలిసినవాళ్లు చూసుకుంటారు అని. ఇక కుర్రకారు ఊసే ఎత్తరు. హాస్టల్లో నాలుగు నాళ్లుండి పోయేవాళ్లకి, సొంతిల్లూ ఇంటిపన్నూ లేనివాళ్లకి నగరం ప్లానుతో పనేమిటని అడుగుతారు.

ఈ వాదన మొదటి మాట నుంచి చివరి మాట దాకా తప్పు. దీన్ని నమ్మినందుకు తెలుగు నేల మీద వందల కోట్ల ప్రజాధనం, ఏళ్ల కాలం, కొన్నిచోట్ల ప్రాణాలు కూడా పోయాయి. అయినా ఇదే అనుభవజ్ఞుల మాటగా చెల్లుబాటు అవుతోంది కాబట్టి దీన్ని ముక్కముక్కగా విప్పి చూడక తప్పదు.

అడిగితే ఆలస్యమవుతుందన్నది వీళ్లకు అన్నిటికన్నా పెద్ద అండ. సరే, అడగకుండా చేసిన పనులు ఎంత త్వరగా ముగిశాయో చూద్దాం. కామారెడ్డి మున్సిపాలిటీ కొత్త మాస్టర్ ప్లాన్ ముసాయిదా తయారు చేసింది. పట్టణంలో కొత్తగా కలిపిన ఊళ్ల పంట పొలాలను అందులో ఇండస్ట్రియల్ జోన్‌గా చూపించింది. పొలం ఏ రంగులోకి పోయిందో రైతులకు తెలిసేసరికి ముసాయిదా సిద్ధమైపోయింది. 2023 జనవరిలో అడ్లూర్ ఎల్లారెడ్డి గ్రామ రైతు ఒకరు ప్రాణం తీసుకున్నారు. మర్నాడు రైతులు కుటుంబాలతో సహా కలెక్టరేటు ముందు కూర్చున్నారు. ఆ నెల 20న మున్సిపల్ పాలకవర్గమే సమావేశమై ఆ ముసాయిదాను రద్దు చేస్తూ తీర్మానం చేసింది. జగిత్యాలలోనూ అదే నెలలో ముసాయిదాను వెనక్కి తీసుకున్నారు. కన్సల్టెంట్లకు ఇచ్చిన ఫీజులు, సర్వేలు, మ్యాపులు, అన్నీ గంగలో కలిశాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నారు. ముందే ఒక్కో ఊళ్లో రచ్చబండ దగ్గర మ్యాపు పరిచి నాలుగు సాయంత్రాలు మాట్లాడి ఉంటే ఎంత ఆలస్యమయ్యేదో, ఇప్పుడు ఎంత ఆలస్యమైందో లెక్క వేసుకోవచ్చు.

ఇది చిన్న పట్టణాల చేతకానితనం అనుకునేవాళ్లు ముంబయి వంక చూడాలి. దేశంలో అతి ధనిక కార్పొరేషన్ 2015 ఫిబ్రవరిలో 2034 దాకా వర్తించే అభివృద్ధి ప్లాన్ ముసాయిదాను బయటపెట్టింది. తమ వీధి ఎక్కడుందా అని జనం వెతుక్కుంటే తప్పుల మీద తప్పులు బయటపడ్డాయి. వారసత్వ కట్టడాల మీదుగా రోడ్లు గీశారు, ఉన్న ప్రార్థనాలయాలు మ్యాపులో లేవు. సుమారు రెండు నెలలకే ముఖ్యమంత్రి ఆ ముసాయిదాను పక్కన పెట్టించారు. అంత సొమ్ము, అంతమంది నిపుణులు ఉండి కూడా తప్పు పట్టుకున్నది ఆ వీధుల్లో నడిచే మనిషే.

ఆలస్యం ఎక్కడా తప్పడం లేదు. మొదట్లో మాటగా రావలసినది చివర్లో ధర్నాగా, హైకోర్టు స్టేగా, తాళం పడిన ఫ్లాటుగా వస్తోంది. అమరావతిలో ఆర్5 జోన్ పేరుతో విజయవాడ, గుంటూరు పేదలకు ఇచ్చిన సెంటు స్థలాలు ఏమయ్యాయో అందరికీ తెలుసు. రాజధానికి భూమి ఇచ్చిన రైతులను ఒప్పించలేదు, స్థలం తీసుకోబోయే పేదలను ఫలానా చోటు కావాలా అని అడగలేదు. 2023 ఆగస్టులో హైకోర్టు ఇళ్ల నిర్మాణం ఆపేసింది. చేతిలో పట్టా కాగితంతో నిలబడిపోయిన ఇల్లాలికి ఎవరు జవాబు చెప్పారు?

తెలిసినవాళ్లు చూసుకుంటారు అన్న మాటకు ఇప్పుడు వద్దాం. తెలిసినవాళ్లు చూసుకున్నది ఎలా ఉంటుందో కొల్లూరు వెళ్తే తెలుస్తుంది.

హైదరాబాద్ పడమటి అంచున, అవుటర్ రింగురోడ్డు దాపున, సంగారెడ్డి జిల్లా రామచంద్రాపురం మండలంలో ఉంది పేదల కోసం ప్రభుత్వ పథకం కింద కట్టిన ఆ డబుల్ బెడ్‌రూం కాలనీ. 15,660 ఇళ్లు, 117 బ్లాకులు. 2023 జూన్‌లో ప్రారంభించారు. అయిన ఖర్చు 1,400 కోట్ల పైచిలుకు. ఒక్కో ఇల్లు 560 చదరపు అడుగులు. రెండు పడకగదులు, హాలు, వంటిల్లు. కట్టడం బాగాలేదని నేను అనను. రేకుల గదిలో ఆరుగురు సర్దుకుని బతికిన కుటుంబానికి అది మామూలు విషయం కాదు. ఆ పథకం వెనక ఉన్న ఉద్దేశాన్నీ నేను శంకించను. కానీ అక్కడికి వెళ్లేది ఎవరు, వాళ్లు ఏం చేసి బతుకుతారు అన్న ప్రశ్న ఆ 1,400 కోట్ల లెక్కలో ఎక్కడా లేదు.

తొమ్మిది, పది, పదకొండు అంతస్తుల బ్లాకులవి. మిర్చి బజ్జీల బండి ఉన్న మనిషి బండిని ఎక్కడ నిలపాలి? బస్తీలో అయితే గుమ్మం ముందే గొలుసు వేసి పెట్టేవాడు. తొమ్మిదో అంతస్తులో శనగపిండి కలిపి, నూనె డబ్బా, స్టౌ, మూకుడు లిఫ్టులో దింపి, అది పనిచేయని రోజున మెట్ల మీద మోసుకొచ్చి, కింద పార్కింగులో వాచ్‌మన్‌తో గొడవపడి బండి బయటికి తీసినా కొనేవాళ్లెవరు? చుట్టుపక్కల ఉన్నవాళ్లంతా తనలాంటివాళ్లే. బజ్జీలు తినే ఆఫీసులూ కాలేజీలూ నగరం నడిమధ్యన ఉండిపోయాయి. ఇళ్లల్లో పనిచేసే ఆడమనిషి సంగతి ఇంకా దారుణం. మూడిళ్లల్లో అంట్లు తోమి వచ్చే డబ్బులో బస్సు చార్జీలు, ఆటో చార్జీలు పోతే మిగిలేది ఎంత? తెల్లారకముందే బయల్దేరితే పిల్లల్ని ఎవరు లేపి బడికి పంపుతారు? బస్తీలో పక్కింటి పెద్దమ్మ చూసేది. కొత్త కాలనీలో పక్కింట్లో ఎవరున్నారో తెలియదు. ఎందుకంటే ఇళ్ల కేటాయింపు కంప్యూటర్ లాటరీతో జరిగింది. అవినీతికి తావు లేకుండా చేశామని ప్రభుత్వం గర్వంగా చెప్పుకుంది. పైరవీలు తగ్గితే మంచిదే, కాదనను. కానీ ముప్పై ఏళ్లుగా ఒకరి చావుకీ పెళ్లికీ ఒకరు నిలబడ్డ బస్తీ మనుషులను ఆ లాటరీ చెల్లాచెదురు చేసింది. బస్తీలో ఒక్కొక్క గల్లీని ఒక గుంపుగా పేర్లు ఇమ్మంటే, గుంపుల మధ్య లాటరీ తీస్తే, ఆ నిజాయితీకి వచ్చిన లోటేమీ ఉండేది కాదు. ఇంత చిన్న మాట ఏ నిపుణుడికీ తట్టలేదు. బస్తీలో ఏ ఇల్లాలిని అడిగినా మొదట చెప్పే మాట అదే.

ఇళ్లు వచ్చినవాళ్లలో చాలామంది తాళం వేసి మళ్లీ తమ పాత బస్తీల్లోనే అద్దెకుంటున్నారు. దీనికి లబ్ధిదారులను తిట్టేవాళ్లున్నారు, ఉచితంగా ఇస్తే విలువ ఉండదని. ఆ మాట వింటే నాకు కోపం వస్తుంది. పని లేని చోట ఇల్లుంచుకుని ఏం చేయాలి? విజయవాడవాళ్లు ఊరవతల జక్కంపూడి కాలనీలో దీన్ని ఎప్పుడో చూశారు. ప్రభుత్వం కట్టిన టిడ్కో ఇళ్లల్లో మళ్లీ చూశారు. పార్టీలు మారాయి, పథకాల పేర్లు మారాయి, గోడల రంగులు మారాయి. అడగకపోవడం ఒక్కటే మారలేదు.

ఇదే పథకంలో ఇంకో ఉదాహరణ ఉంది, దాని గురించి ఇప్పుడు ఎవరూ మాట్లాడరు. సికింద్రాబాద్ ఐడీహెచ్ కాలనీ. డబుల్ బెడ్‌రూం ఇళ్లల్లో మొట్టమొదట కట్టింది అదే, 2015లో. శిథిలమైన పాత ఇళ్లను తీసేసి, అదే స్థలంలో, అక్కడి జనానికే 396 ఇళ్లు కట్టారు. అంతస్తులు తక్కువ. పని దూరం కాలేదు, బడి మారలేదు, చుట్టం పక్కం చెదరలేదు. రాష్ట్రమంతా దాన్నే నమూనాగా చూపించారు. తీరా సంఖ్యలు పెంచే వేళకి ఆ నమూనాలో అసలు ప్రాణమేదో దాన్నే వదిలేశారు. ఉన్నచోటే కట్టాలంటే అక్కడున్నవాళ్లతో మాట్లాడాలి, కట్టేలోగా ఎక్కడ తలదాచుకుంటారో తేల్చాలి, ఎవరి గోడ ఎక్కడిదాకానో తగవు తీర్చాలి. ఊరవతల ఖాళీ భూమిలో కట్టడానికి ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. కొల్లూరును ఎంచుకున్నది ఇంజనీరింగ్ అవసరం కాదు, మాట్లాడడం తప్పించుకోవాలన్న కోరిక.

పేదలకి ప్లాన్లు అర్థం కావనేవాళ్లు ఈ నగరం చరిత్ర చదవలేదు. 1967లో హైదరాబాద్ కార్పొరేషన్ అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ ప్రాజెక్టును మొదలుపెట్టింది. కొద్దిమంది సిబ్బందితో, మురికివాడల మనుషులతోనే బాలవాడీలు, మహిళా మండళ్లు, కుట్టు కేంద్రాలు నడిపింది. 1970ల నడిమికి వచ్చేసరికి వాళ్లే ఇళ్ల పనికి దిగారు. ప్రభుత్వం పట్టా ఇచ్చింది, బ్యాంకు అప్పు ఇచ్చింది, ఇల్లు మాత్రం ఆ కుటుంబం తన అవసరాన్ని బట్టి కట్టుకుంది. యూనిసెఫ్ వాళ్లు వచ్చి చూశారు, తోడ్పడ్డారు. దీని మీద విదేశీ పరిశోధకులు పుస్తకం కూడా రాశారు. ఆ పాఠంతోనే 1980ల్లో బ్రిటన్ సాయంతో స్లమ్ ఇంప్రూవ్‌మెంట్ ప్రాజెక్టు ఇక్కడా, తరవాత విశాఖలోనూ నడిచింది. ప్రపంచం మన దగ్గర నేర్చుకున్న విద్యను మనం మరిచిపోయాం. 2003లో థాయ్‌లాండ్ ప్రభుత్వం బాన్ మన్‌కాంగ్ అనే పథకం పెట్టి పేదల సంఘాలకే నేరుగా అప్పిచ్చి, స్థలం బేరం కూడా వాళ్లనే చేసుకోమంది. లక్ష పైగా కుటుంబాలు అలా ఇళ్లు సంపాదించుకున్నాయి. మన పొరుగున ఒడిశా 2017లో చట్టం చేసి, బస్తీవాసుల సంఘాలను పక్కన పెట్టుకుని కొలతలు వేసి, ఉన్నచోటే భూమి హక్కు పత్రాలు ఇచ్చింది.

అంతదూరం ఎందుకు? డ్వాక్రా సంఘం నడిపే ఆడవాళ్లను చూడండి. లక్షల రూపాయల బ్యాంకు అప్పు, ఎవరి వాటా ఎంత, ఈ నెల ఎవరు కట్టలేరు, ఆ లోటు ఎవరు పూడ్చాలి అన్నదంతా పుస్తకంలో రాసుకుని తేలుస్తారు. అంత డబ్బును నమ్మి చేతిలో పెట్టే ప్రభుత్వం, వంటింటి కిటికీ ఏ వైపు ఉండాలన్న మాట దగ్గర మాత్రం వాళ్లకు తెలియదంటుంది.

అర్థం కాకుండా చేస్తున్నది అసలు ఎవరు? మాస్టర్ ప్లాన్ ముసాయిదాను మీరెప్పుడైనా చూశారా? చట్ట ప్రకారం గడువిచ్చి అభ్యంతరాలు, సూచనలు పిలుస్తారు. ఆఫీసులో గోడకి పెద్ద మ్యాపు వేలాడుతుంది. పసుపు అంటే నివాసం, ఊదా అంటే పరిశ్రమ, పచ్చ అంటే పార్కులు, ఆటస్థలాలు. పక్కన ఇంగ్లీషులో చిన్న అక్షరాలు. మీ సర్వే నంబరు మీకు తెలిసి ఉండాలి. పనిరోజున, పనివేళల్లో, కూలి మానుకుని రావాలి. అభ్యంతరం రాసివ్వాలి. ఈ వ్యవహారమంతా భూమి కొని పెట్టుకున్న వ్యాపారికి నల్లేరు మీద నడక. అద్దెకున్నవాడికి సర్వే నంబరే లేదు. ఆ గోడ ముందు ఇంటర్ చదివే పిల్లనో పిల్లవాణ్నో నిలబెట్టండి. ఫోన్‌లో మ్యాపు తీసి, రెండూ పక్కపక్కన పెట్టి, మా గల్లీ ఇదుగో, వానొస్తే నీళ్లు నిలిచేది ఇక్కడ, మీరు రోడ్డు గీసింది మా బడి ఆటస్థలం మీదుగా అని పది నిమిషాల్లో చెబుతారు. ఆ పిల్లలను పిలిచేవాళ్లే లేరు. పిలిస్తే పిలిచేది డ్రాయింగు పోటీకి. నా కలల నగరం అని బొమ్మ వేయించి, సర్టిఫికెట్ ఇచ్చి, ఫొటో దిగి పంపేస్తారు. దానికి యువత భాగస్వామ్యమని పేరు పెట్టడం ఆ పిల్లలకు అవమానం.

యువకులు నాలుగు నాళ్లుండి పోయేవాళ్లన్న వాదన అన్నిటికన్నా నన్ను బాధపెడుతుంది. హైదరాబాద్‌లో అశోక్‌నగర్‌లోనో అమీర్‌పేటలోనో ఏ హాస్టలైనా ఎక్కి చూడండి. బయట బోర్డు మీద త్రీ షేరింగ్, ఫోర్ షేరింగ్ రేట్లు. లోపల నాలుగు ఇనప మంచాలు, మంచానికీ మంచానికీ మధ్య ఒక మనిషి పక్కకి తిరిగి నడవగలిగినంత సందు, కింద సూట్‌కేసు, తలాపున గ్రూప్స్ పుస్తకాలు, కిటికీ ఊచలకు ఆరని తువ్వాలు. ఉన్న ఒక్క కిటికీ పక్క బిల్డింగు గోడకి తెరుచుకుంటుంది. మహబూబ్‌నగర్ నుంచి, ఆదిలాబాద్ నుంచి, శ్రీకాకుళం నుంచి వచ్చిన పిల్లలు అందులో ఏళ్లకేళ్లు ఉంటారు. ఒకరు పోతే ఇంకొకరు వస్తారు, మంచం ఖాళీగా ఉండదు. మనిషి మారతాడేమో గానీ ఆ మంచం మీద పడుకునే యువత మాత్రం ఈ నగరంలో శాశ్వత నివాసి. మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్ పీజీల్లో ఉండే ఉద్యోగులూ అంతే. ఈ నగరం సంపాదన వాళ్ల భుజాల మీద నడుస్తోంది. పన్ను కట్టరన్నది అబద్ధం. ఓనరు కట్టే ఇంటిపన్ను అద్దెలో కలిపే వసూలు చేస్తాడు. అయినా పేదల ఇళ్ల పథకంలో వాళ్లు లేరు, ఎందుకంటే వాళ్లకి ఇక్కడ రేషన్‌కార్డు లేదు. మధ్యతరగతి ప్రాజెక్టుల్లో లేరు, ఎందుకంటే కోటి రూపాయలు లేవు. అద్దెకు పోతే బ్యాచిలర్లకు ఇవ్వం అన్న టులెట్ బోర్డు, వెజిటేరియన్లకే అన్న షరతు, ఆ షరతు వెనక దాక్కున్న కుల విచారణ. చవక అద్దె ఇళ్లు ప్రభుత్వం కట్టాలన్న మాట మన విధానాల్లో దిక్కులేకుండా పడి ఉందంటే, ఆ అవసరం ఉన్నవాళ్లు ఏ సమావేశంలోనూ లేకపోవడమే కారణం. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. వీళ్లకి అడిగే చోటే లేదు.

హైదరాబాద్ మహానగర ప్రస్తుత ప్లాన్ 2013 జనవరిలో నోటిఫై అయింది, గడువు 2031. నాడు ఐదేళ్ల పిల్లలు ఆ ప్లాన్ ముగిసేనాటికి 23 ఏళ్లవాళ్లు. ఉద్యోగం వెతుక్కునే, ఇల్లు వెతుక్కునే వయసు. వాళ్ల బతుకు గీత గీసిన రోజున వాళ్లు అంగన్‌వాడీలో ఉన్నారు. ఇప్పుడు 2050 లక్ష్యంగా కొత్త ప్లాన్ అంటున్నారు. ఆ నగరంలో నిజంగా కాపురం చేసేది నేడు ఇరవై ఏళ్లున్నవాళ్లు. సంతకం పెట్టేవాళ్లలో చాలామంది అప్పటికి ఉండరు.

యువకులు ఓటు కూడా వేయరు కదా అంటారు. 2020 గ్రేటర్ ఎన్నికల్లో పోలింగు సగానికి చేరలేదు, నిజమే. కానీ హాస్టల్లో ఉండే పిల్లల ఓటు సొంతూళ్లో ఉంటుంది. పైగా గెలిచిన కార్పొరేటరుకే ఇళ్ల స్థలం ఎంపికలో మాట లేనప్పుడు, ఓటేసి ఏం మారుస్తారు?

చట్టంలో చోటు లేదా అంటే, ఉంది. 74వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చింది. మూడు లక్షల జనాభా దాటిన ప్రతి నగరంలో వార్డు కమిటీలు ఉండాలంది. తెలంగాణ 2019 మున్సిపల్ చట్టం ఇంకో అడుగు ముందుకు వేసి వార్డుకు నాలుగు కమిటీలు పెట్టింది. అందులో ఒకటి అచ్చంగా యువజనులది. మరుసటి ఏడాది హైదరాబాద్‌కూ అదే వర్తింపజేశారు. మంచి ఆలోచన. దానికి అప్పగించినవి ప్రధానంగా మొక్కలు, పారిశుద్ధ్యం లాంటి పనులు. ఇళ్లు ఎక్కడ కట్టాలన్న ప్రశ్నను ఆ కమిటీ గడప తొక్కనివ్వలేదు. ఇంకోపక్క ఉన్న రక్షణను కూడా తీసేశారు. 2013 భూసేకరణ చట్టం సామాజిక ప్రభావ అంచనా జరిపి జనం మాట వినాలంది. తెలంగాణ సవరణ చేసి కొన్ని రకాల ప్రాజెక్టులను అందులోంచి మినహాయించే అధికారం తన చేతిలో పెట్టుకుంది. ఆ జాబితాలో పేదల ఇళ్లూ ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ కూడా 2018లో అదే దారి పట్టింది. పేదల పేరు చెప్పి పేదల మాట వినే నిబంధనను ఎత్తేశారు. మాట వినని అదే తీరు 2024లో, నదిని బాగుచేసే పేరుతో, మూసీ ఒడ్డున కనిపించింది. చాదర్‌ఘాట్ దగ్గర తొలగించబోయే ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని రాసిపోయారు. ఆ అక్షరాలకి అర్థమేమిటో ఆ ఇంటివాళ్లే వీధివీధినా అడిగి తెలుసుకోవలసి వచ్చింది. విద్యా సంవత్సరం నడుమ కుటుంబాలను తరలించారు. నది బాగుపడకూడదని ఎవరంటారు? 1908 వరద సంగతి ఆ ఒడ్డున పుట్టినవాళ్లకి చెప్పాల్సిన పనేముంది? కానీ గోడ మీద రంగు పూసే ముందు గుమ్మంలో నిలబడి రెండు మాటలు చెప్పడానికి ఏ చట్టం అడ్డొచ్చింది?

ఒక అభ్యంతరాన్ని మాత్రం నేను గౌరవిస్తాను. స్థానికులను అడిగితే బలవంతులు వచ్చి కూర్చుంటారు, కాలనీ ఓనర్ల సంఘాలు మా పక్కన పేదల ఇళ్లు వద్దంటాయి, కార్పొరేటరు బంధువులు కమిటీ నిండా ఉంటారు అని. ఇది జరుగుతుంది, కళ్లారా చూస్తున్నదే. అయితే దీనికి మందు అడగడం మానేయడం కాదు. అడగడం మానేసినా బలవంతుడి మాట చెల్లుతూనే ఉంది, తలుపులు మూసిన గదిలో ఇంకా బాగా చెల్లుతోంది. కమిటీలో సగం మంది అద్దెకున్నవాళ్లూ బస్తీవాళ్లూ ఉండాలని, ముప్పై ఏళ్లలోపువాళ్లకి కోటా ఉండాలని, హాస్టల్ చిరునామా చూపితే చాలునని నియమం పెడితే ఓనర్ల సంఘం గొంతు అనేక గొంతుల్లో ఒకటవుతుంది. పేదల ఇళ్లు వార్డులో ఉండాలా వద్దా అన్నది ఓటుకు పెట్టకూడదు. ఉండి తీరాలి. వార్డులో ఏ స్థలం, ఎన్ని అంతస్తులు, బండ్లకి చోటెక్కడ, అద్దె ఇళ్లెన్ని అన్నది మాత్రం వాళ్లే తేల్చాలి.

2050 ప్లాన్ ముసాయిదా ఇంకా చేతిలో ఉండగానే కొన్ని పనులు చేయవచ్చు. ప్రతి వార్డులో ఉన్న ప్రభుత్వ స్థలాల పట్టికను తెలుగులో, ఉర్దూలో వార్డు ఆఫీసు గోడకి అంటించాలి. దాని పక్కన గల్లీ పేర్లు రాసిన మ్యాపు ఉండాలి. సమావేశాలు సాయంత్రం ఏడు తరవాతో ఆదివారమో పెట్టాలి. అశోక్‌నగర్ సమావేశం హాస్టళ్ల నడుమ జరగాలి, కొల్లూరు సమావేశం కొల్లూరులోనే జరగాలి. తాళం వేసి వెళ్లిపోయినవాళ్లను దొంగల్లా వెతకడం మాని, ఎందుకు వెళ్లారో వాళ్ల నోటితోనే చెప్పించి రాసుకోవాలి. కమిటీ కాదన్న స్థలాన్నే ఎంచుకుంటే అధికారి దానికి కారణం రాసి, సంతకం పెట్టి, అదే గోడకి అంటించాలి. ఇవన్నీ జరిగిన మర్నాడే టెండరు పిలవాలి, ఒక్క రోజు ముందు కూడా కాదు.